కోత తర్వాత కాపలా: ఆరోగ్యశాఖ మంత్రి గారికి కంబదూరు నుంచి ఒక బహిరంగ లేఖ

కంబదూరు,
అనంతపురం జిల్లా.

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యశాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,



రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసుకుని, గోడమీది క్యాలెండరులో ఆ తేదీ మీద టిక్కు పెట్టి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. మాత్ర పేరు లెట్రోజోల్. 2018 చివర్లో నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. అది తిరగబెట్టకుండా వేసుకునే ఈ మాత్రకు ఇప్పుడు ఏడో ఏడు నడుస్తోంది. మా ఇంట్లో పాత క్యాలెండరు ఇంకొకటి దాచి ఉంచాను, 2015 నాటిది. అది మా చెల్లెలిది. అందులో టిక్కులు మార్చి నెలతో ఆగిపోయాయి. ఆ తర్వాతి ఖాళీ గళ్ల గురించే మీకు రాస్తున్నాను.

మీరు ధర్మవరం నుంచి గెలిచినవారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు పడే వాన, దాన్ని నమ్ముకుని వేసే చెనిక్కాయ, పంట పోతే ఎక్కే బెంగళూరు బస్సు, ఇవి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ మూడింటికీ ఒక ఆడమనిషి రొమ్ములో గడ్డ మళ్లీ రావడానికీ ఉన్న సంబంధం మాత్రం చెప్పాలి.

చెల్లెలికీ నాకూ పదకొండేళ్ల తేడా. నేను హాస్టల్లో ఉండి చదువుకుని టీచరునయ్యాను. ఆమె కరువు ఏట ఆరో తరగతిలో బడి మానింది, చేలల్లో కూలికి పోయింది. 2013లో, నలభై ఒకటో ఏట, ఎడమ రొమ్ములో గడ్డ. నొప్పి లేదు కాబట్టి ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికి పోయేసరికి గడ్డ నాలుగు సెంటీమీటర్లుంది, చంకలో ఐదు బిళ్లల్లోకి, అంటే లింఫు గ్రంథుల్లోకి, పాకింది. ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ జరిగాయి. వైద్యానికి మాకు పైసా ఖర్చు కాలేదు. ఆ మేలు మరిచిపోయే మనిషిని కాను.

ఇంటికి పంపేటప్పుడు మూడు నెలలకు సరిపడా టామోక్సిఫెన్ మాత్రలిచ్చి, అయిపోయాక మళ్లీ రమ్మన్నారు. చేతిలో పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉంది. ఎన్నేళ్లు వేసుకోవాలో అందులో రాసి ఉండొచ్చు, ఆమెకు చదివి చెప్పినవారు లేరు. మాత్రల కోసం పోయిన రోజు ఆమె కూలి పోయేది, తోడొచ్చిన మనిషి కూలి పోయేది, బస్సు ఛార్జీ అదనం. అయినా పోతూనే ఉంది. 2015లో ఒకసారి స్టాకు లేదన్నారు, బయట కొనుక్కోమన్నారు. ఆ ఏడే కొడుకు బెంగళూరులో బిల్డింగు పనికి పోతూ తల్లిని వెంట తీసుకెళ్లాడు. "ఒళ్లు బాగానే ఉంది కదక్కా, ఇంకా ఎందుకీ మందులు" అంది ఫోన్లో. నాకూ తెలియదు. "సరేలేమ్మా" అన్నాను. ఆ మాట ఈనాటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

2017లో నడుంనొప్పి మొదలైంది. మూటలు మోసిన నడుం కదా అనుకున్నాం. నాలుగు నెలలు నొప్పి సూదులు, మాత్రలు, నాటు కట్లు. రొమ్ము ఆపరేషన్ అయిందా అని సూది వేసినవాళ్లు అడగలేదు, ఆమె చెప్పలేదు. స్కాన్ తీసేసరికి వెన్నెముకలో మూడు చోట్ల ఉంది. 2018 ఎండాకాలంలో పోయింది. ఆమె దినాలయిన ఐదు నెలలకు నా రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మరునాడే బస్సెక్కాను. నేను బతికి ఉండటానికి చెల్లెలి చావు నేర్పిన తొందర ఒక కారణం, నెలనెలా చేతికొచ్చిన జీతం ఇంకో కారణం.

మాత్ర మానకపోయి ఉంటే ఆమె బతికేదా? ఏ డాక్టరూ అలా ఖాయంగా చెప్పలేడు. నేనూ చెప్పను. ఐదు బిళ్లల్లోకి పాకిన క్యాన్సర్ అన్ని మందులూ వాడినా కొందరిలో తిరిగొస్తుంది. నేను చెప్పేదల్లా ఒక్కటే. ఆమెకు దక్కాల్సిన అవకాశం ఆమెకు దక్కలేదు.

దినాలకు వచ్చినవాళ్లు తలా ఒక కారణం చెప్పారు. కత్తి తగలకుంటే పాకేది కాదన్నారు. పథ్యం చెయ్యలేదన్నారు. గాలి సోకిందన్నారు. ఖర్మ అన్నారు. ఎవరు ఏది చెప్పినా తప్పు మాత్రం చనిపోయిన మనిషి మీదే పడింది. ఆ మాటలు పడలేకనే నేను ఈ జబ్బు గురించి చదవడం మొదలుపెట్టాను. డాక్టర్లను విసిగించి అడిగాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీతోపాటు మా మండలంలో ఆపరేషన్ అయిన ఆడవాళ్లూ ఇది చదవాలని నా కోరిక.

చేలో తుంగ పీకినవాళ్లకు ఈ జబ్బు తీరు సులువుగా అర్థమవుతుంది. పైన కనబడేదంతా పీకేస్తాం, చేను శుభ్రంగా కనబడుతుంది. మట్టిలో గోలీలంత గడ్డలు కొన్ని మిగిలిపోతాయి. వాన పడేదాకా వాటి జాడ తెలియదు. రొమ్ములో గడ్డ తీసేనాటికే కొందరిలో కంటికీ స్కానుకూ అందనంత చిన్న కణాలు ఎముకల్లోకో ఊపిరితిత్తుల్లోకో చేరి ఉంటాయి. అవి కొన్ని నెలల్లో లేవచ్చు, పదిహేనేళ్లకు లేవచ్చు, ఎప్పటికీ లేవకపోవచ్చు. ఆపరేషన్ చేసిన చోటనే మళ్లీ వచ్చేది ఒక రకం. చంకలోనో మెడ కింద బిళ్లల్లోనో వచ్చేది రెండో రకం. ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, మెదడులో తేలేది మూడో రకం.

కత్తి మాట వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఆ భయంతోనే ఆపరేషన్ వద్దని పారిపోయేవాళ్లు ఇంకా ఉన్నారు. కత్తికి జడిసి గడ్డను ఒంట్లో ఉంచుకుంటే అది ఊరుకోదు, పెరుగుతుంది, పాకుతుంది, ప్రాణం తీస్తుంది. అయితే ఆపరేషన్ సమయంలో కణాలు కదిలే వీలుందా అన్న ప్రశ్నను మన డాక్టర్లు కొట్టిపారెయ్యలేదు, పరీక్షకు పెట్టారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి నడిపించిన అధ్యయనంలో దేశంలోని పలు ఆసుపత్రుల్లో దాదాపు 1,600 మంది స్త్రీలు పాల్గొన్నారు. సగం మందికి కోతకు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ మామూలు మత్తు సూదిమందు లిడోకేయిన్ ఇచ్చారు. ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఆ సూది పడనివాళ్లలో నూటికి 82.6 మంది, పడినవాళ్లలో 86.6 మంది. 2023లో అచ్చయిన ఫలితం ఇది. చౌకగా దొరికే మందుతో నూటికి నలుగురికి మేలు. ఊరి భయానికి జవాబు ఆపరేషన్ మానుకోవడం కాదు, దాన్ని ఇంకా జాగ్రత్తగా చెయ్యడం.

ఎవరికి ముప్పు ఎక్కువ? గడ్డ ఎంత పెద్దది, చంకలో ఎన్ని బిళ్లల్లోకి పోయింది, కణాలు ఎంత ఉరవడిగా పెరుగుతున్నాయి, కోసి తీసిన ముక్క అంచున క్యాన్సర్ మిగిలిందా, రక్తనాళాల్లోకి దిగిందా, మనిషి వయసు నలభై లోపా అన్నవి మొదట చూసేవి. ఆ తర్వాత, హార్మోన్లను అందుకునే ఈఆర్, పీఆర్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రొటీన్ గడ్డలో ఉన్నాయా అని చూసే మూడు పరీక్షలు. ఈ మూడింటి జవాబే మందును నిర్ణయిస్తుంది. మూడూ లేని రకాన్ని ట్రిపుల్ నెగటివ్ అంటారు. అది తిరగబెడితే ఎక్కువగా మొదటి మూడేళ్లలోనే, ఐదేళ్లు దాటితే ముప్పు బాగా తగ్గిపోతుంది. హెర్2 ఉన్న రకానికి ట్రాస్టుజుమాబ్ అనే మందు ఉంది. తిరగబెట్టే ముప్పును అది దాదాపు సగానికి దించుతుందని 2005లో తేలింది.

ఈఆర్ ఉన్న రకం ఓపిక గలది. మా అక్కాచెల్లెళ్లిద్దరిదీ అదే. ఐదేళ్లు గడిస్తే గండం గట్టెక్కినట్టే అని మనవాళ్లు అనుకుంటారు. ఈ రకంలో ఆ లెక్క చెల్లదు. 62,923 మంది స్త్రీల వివరాలు కలిపి చూసిన అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్లంతా ఐదేళ్లు మాత్రలు వేసుకుని, ఆనాటికి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు. ఐదో ఏటి నుంచి ఇరవయ్యో ఏటి లోపల, చిన్న గడ్డ ఉండి బిళ్లల్లోకి పాకనివాళ్లలో నూటికి 13 మందికి దూరపు అవయవాల్లో క్యాన్సర్ తేలింది. మా చెల్లెలిలా గడ్డ రెండు సెంటీమీటర్లు దాటి, నాలుగు నుంచి తొమ్మిది బిళ్లల్లోకి పాకినవాళ్లలో నూటికి 41 మందికి. ఈ అంకెలు భయపెట్టడానికి రాయలేదు. చిన్న గడ్డ ఉన్న 87 మందికి ఇరవై ఏళ్లకూ అలా రాలేదని కూడా అవే చెబుతున్నాయి. ఆపరేషన్ తర్వాతి కాపలా ఎన్నేళ్లో తెలియడానికి రాశాను.

వంశం మాట కూడా ఉంది. నటి హంసానందిని తనకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని 2021 డిసెంబరులో బయటికి చెప్పారు. తన తల్లి అదే జబ్బుతో పోయిందనీ, తనకు బీఆర్‌సీఏ1 జన్యుమార్పు ఉందనీ, కాబట్టి మళ్లీ వచ్చే ముప్పు ఎక్కువనీ దాచకుండా చెప్పారు. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చింది కాబట్టి నాకూ ఆ పరీక్ష చేయించారు, మార్పు లేదని తేలింది. నూటికి పది లోపు రొమ్ము క్యాన్సర్లే వంశపారంపర్యం. ముట్లుడిగాక ఒళ్లు పెరగడం, మద్యం, కదలిక లేని బతుకు కూడా ముప్పును పెంచుతాయి. పథ్యంలో వద్దనే వంకాయ పెంచదు. గాలి పెంచదు.

కోత తర్వాత మందు ఇచ్చి జబ్బును ఆపవచ్చన్న సంగతి మనుషులకు తెలిసి ఎంతో కాలం కాలేదు. ఇటలీలోని మిలాన్‌లో డాక్టర్ జియాన్ని బొనడొన్నా 1976లో ఒక లెక్క ప్రకటించాడు. ఆపరేషన్‌తో సరిపెట్టిన 179 మందిలో, రెండేళ్లు దాటేసరికి 43 మందికి తిరగబెట్టింది. ఆపరేషన్ తర్వాత మూడు మందుల కీమో తీసుకున్న 207 మందిలో 11 మందికే. ఆ మూడింటిలో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాల పరిశోధనలకు నాయకుడిగా ఉన్నప్పుడు ఆయన బృందం చేతిలో తయారైన మందు అది. తిరగబెట్టే రొమ్ము క్యాన్సర్‌కు వేసిన తొలి కట్టడుల్లో ఒకదానిలో మన తెలుగువాడి చెయ్యి ఉంది. ఆ కట్టడి కంబదూరు దాకా రావాలని అడిగే హక్కు మాకు లేదంటారా?

రేడియేషన్ కూడా అలాంటిదే. రొమ్మును ఉంచి గడ్డను మాత్రమే తీసినప్పుడు రేడియేషన్ ఇవ్వకపోతే పదేళ్లలో నూటికి 35 మందికి తిరగబెడుతుంది, ఇస్తే 19 మందికి. ఇక టామోక్సిఫెన్. ఈఆర్ ఉన్న రకంలో ఐదేళ్లు మానకుండా వేసుకుంటే ఆ ఐదేళ్లలో ముప్పు దాదాపు సగానికి పడిపోతుంది. మాత్ర ఆపాక కూడా కొన్నేళ్లు మేలు నిలుస్తుంది. పదిహేనేళ్ల లెక్కలో రొమ్ము క్యాన్సర్ మరణాలు మూడో వంతు తగ్గుతాయి. ఇంత మేలు చేసే ఈ మాత్ర పాతది, చౌకది, దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్నది. రోజుకు కొద్ది రూపాయలు. మా చెల్లెలికి అందనిది ఆ కొద్ది రూపాయల మాత్రే.

అందకపోవడానికి స్టాకు ఒక్కటే కారణం కాదు. లెట్రోజోల్ వేసుకుంటే పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకోవు, మోకాళ్లు పట్టేస్తాయి. టామోక్సిఫెన్ వేసుకునేవాళ్లకు ఒళ్లంతా ఆవిరి ఎగసినట్టుంటుంది. చెనిక్కాయ పీకే మనిషికి ఈ నొప్పులు కూలి మీద దెబ్బ. వాటికి మందులున్నాయి, మాత్ర మార్చే వీలుంది. ఎవరైనా అడిగితే కదా చెప్పేది. అడిగేవారు లేక మౌనంగా మానేస్తారు. చంకలో బిళ్లలు తీసిన చెయ్యి వాచిపోతే, ముల్లు గుచ్చుకుని చీము పడితే, అది బిళ్లలు తీసినందువల్ల వచ్చేదని తెలియక చెయ్యి చూపించడానికే సిగ్గుపడతారు.

అయ్యా, మీ ప్రభుత్వం చేసినవి నాకు తెలుసు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్లు జరుగుతున్నాయి. 2024 నవంబరు నుంచి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలకు సిబ్బంది ఇంటింటికీ వస్తున్నారు. దేశంలో 2022లో 1,92,000 మంది స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది, 98,000 మంది చనిపోయారు. ఇద్దరికి జబ్బు తెలిసే ఏడాదిలో ఒకరు పోతున్న దేశంలో జబ్బును ముందే పట్టుకోవడం గొప్ప పనే. అయితే పట్టుకుని, కోయించి, ఇంటికి పంపాక మనిషి లెక్కలోంచి జారిపోతోంది. ఆపరేషన్ గదిలో గడిచేది కొద్ది గంటలు. తిరగబెట్టేదీ లేనిదీ తేలేది ఆ తర్వాత ఊళ్లో గడిచే ఏళ్లలో. చేను కోయించి కాపలా మరిచిన రైతును మేం తెలివైనవాడు అనం. ఆ ఏళ్ల కోసం అయిదు కోరికలు మీ ముందు పెడుతున్నాను.

మొదటిది, మాత్ర ఊరికి రావాలి. బీపీకి, షుగరుకు మాత్రలు ఏఎన్ఎం చేతి మీదుగా ఊళ్లోనే అందుతున్నాయి. క్షయ రోగి మందు మానితే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి అడుగుతుంది, అతని పేరు కంప్యూటరులో ఉంటుంది, పోషణకు నెలనెలా డబ్బు ఖాతాలో పడుతుంది. ఆ దారిలోనే టామోక్సిఫెన్, లెట్రోజోల్ కూడా నడవవచ్చు. కొత్త భవనం అక్కరలేదు, కొత్త ఉద్యోగం అక్కరలేదు. వలస పోయేవాళ్లకు ఒకేసారి ఆరు నెలల మాత్రలు ఇప్పించండి.

రెండోది, చేతికిచ్చే కాగితం తెలుగులో ఉండాలి. గడ్డ కొలత, ఎన్ని బిళ్లల్లో ఉంది, ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు, ఏ మాత్ర ఏ తేదీ దాకా వేసుకోవాలి, ఏ లక్షణం కనబడితే ఎక్కడికి పోవాలి. ఒక్క అట్ట చాలు. దాన్ని చూపిస్తే బెంగళూరులో డాక్టరుకైనా, కంబదూరులో నర్సుకైనా సంగతి తెలియాలి.

మూడోది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ప్రశ్న అలవాటు చెయ్యండి. నడుంనొప్పి అని వచ్చిన ప్రతి ఆడమనిషినీ "రొమ్ము ఆపరేషన్ ఏమైనా అయిందా తల్లీ" అని అడగాలి. అయిందంటే, రెండు మూడు వారాలైనా తగ్గని ఎముక నొప్పి, ఆగని దగ్గు, ఆయాసం, కామెర్లు, వాంతులతో తలనొప్పి, కుట్ల మీద కొత్త బొడిపె, మెడ కింద బిళ్ల, వీటిలో ఏది కనబడినా నొప్పి సూదితో సరిపెట్టకూడదు. త్వరగా పట్టుకుంటే ఆపరేషన్ చేసిన చోట తిరగబెట్టిన క్యాన్సర్‌ను చాలామందిలో నయం చేయవచ్చు. ఎముకలకు పాకినదాన్ని సైతం మందులతో ఏళ్ల తరబడి అదుపులో ఉంచుతున్నారు.

నాలుగోది, ఏడాదికొకసారి మామోగ్రామ్, డాక్టరు చేతి పరీక్ష అనంతపురంలోనే జరగాలి. ఏ బాధా లేనివాళ్లకు క్రమం తప్పకుండా ఎముకల స్కాను, ఛాతీ ఎక్స్‌రే తీసినా ఆయుష్షు పెరగదని ఇటలీలో చేసిన రెండు పెద్ద అధ్యయనాలు 1994లోనే చెప్పాయి. కాబట్టి మేం అడిగేది ఖరీదైనది కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు బస్సు ఉచితం. రాష్ట్రం దాటే బస్సుకు అది చెల్లదు. మా ఉచిత బస్సు అనంతపురం దాకా వస్తుంది, వైద్యాన్ని కూడా అనంతపురం దాకా తీసుకురండి. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో క్యాన్సర్ డేకేర్ కేంద్రాలు పెడతామని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. మన జిల్లాది ముందు తెరిపించండి. రేడియేషన్‌కు మూడు నుంచి ఐదు వారాలు ఊరు విడిచి ఉండేవాళ్లకు తల దాచుకునే చోటు, పోయిన కూలికి కొంత బదులు ఇప్పించండి.

అయిదోది, లెక్క మార్చండి. ఎన్ని ఆపరేషన్లు చేయించామన్న అంకె పక్కన, వాళ్లలో ఎంతమంది అయిదో ఏట కూడా మాత్ర వేసుకుంటున్నారన్న అంకె కూడా ఉండాలి. ఇంటింటికీ వచ్చే సిబ్బంది ఫారంలో ఒక్క వరుస చేర్చండి: ఈ ఇంట్లో ఎవరికైనా రొమ్ము ఆపరేషన్ అయిందా, ఇప్పుడు మందు వాడుతున్నారా? ఆ ఒక్క వరుస 2015లో ఉండి ఉంటే మా చెల్లెలి గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఆగి అడిగి ఉండేవారు.

ఆపరేషన్ అయిన నా అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. ఒళ్లు బాగుందని మాత్ర మానకండి, బాగుండటంలో ఆ మాత్ర పాలు ఉంది. బాధ పెడితే డాక్టరుకు చెప్పి మార్పించుకోండి. తిరిగొస్తే అది మీ తప్పు కాదు. పథ్యం గురించి, ఖర్మ గురించి ఎవరేమన్నా తల దించుకోకండి.

మంత్రి గారూ, కంబదూరు ఆరోగ్య కేంద్రంలో ఒక రిజిస్టరు తెరిపించండి. మొదటి వరుసలో నా పేరు రాయమనండి. రెండో వరుస నుంచి రాయడానికి నేనే ఇల్లిల్లూ తిరుగుతాను. నలభై మంది పిల్లలకు ముప్పై ఏళ్లపాటు రోజూ హాజరు వేసిన చెయ్యి ఇది. ఎవరు రాలేదో చూడటం, వాళ్లింటికి పోయి ఎందుకు రాలేదని అడగటం నాకు బాగా వచ్చిన పని. మా చెల్లెలి విషయంలో చెయ్యలేకపోయిన ఆ పని ఇంకొకరి చెల్లెలికి చేస్తాను. రిజిస్టరు మాత్రం మీరివ్వాలి.

ఇట్లు,
కంబదూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరు